టోక్యోలో సొంత టిఫిన్ డబ్బా విప్పి తింటే తప్పుగా చూస్తారా?

ఏప్రిల్‌లో అమ్మానాన్నలని తీసుకుని టోక్యో వెళ్తున్నాం, అక్కడ ఉంటున్నవాళ్లు ఎవరైనా కాస్త చెప్పండి. టిప్పు ఇవ్వకూడదనీ, ఎస్కలేటర్ మీద ఎడమ పక్కకి నిలబడతారనీ (ఒసాకాలో కుడి పక్కకట, అదేం గొడవో!), రైల్లో ఫోన్ మాట్లాడకూడదనీ తెలుసు. మా నాన్నగారు ఫోనెత్తితే బోగీ అంతా వినాల్సిందే, అదో టెన్షన్. కానీ అసలు సందేహం తిండి గురించి. ఇద్దరూ శాకాహారులు, అక్కడేమో సూపుల్లో, సాసుల్లో చేపతో కాచిన దాషీ అనే రసం కలుస్తుంది కాబట్టి అమ్మ గదిలోనే పులిహోర కలిపి పట్టుకొస్తానంటోంది. షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో తినడం మామూలేనట, మరి ఇంగువ వాసనకి పక్కవాళ్లు ఇబ్బంది పడతారా? రెస్టారెంట్‌లో మేం ఆర్డర్ చేసుకుని వాళ్లిద్దరూ మాత్రం డబ్బా తీస్తే మర్యాద తప్పినట్టేనా, లేక ముందే అడిగితే ఒప్పుకుంటారా?