ముసర వ్యాధికి సీరం ఒక్కటే వేయడం తప్పా? (మద్రాసు ప్రెసిడెన్సీ, 1900–1930)

మూపురం:
కుమావూ కొండల్లోని ముక్తేశ్వర్ ప్రయోగశాల 1899 ప్రాంతంలో ముసర (పశువులను చంపే అంటురోగం, రిండర్‌పెస్ట్) సీరం తయారీ మొదలుపెట్టింది. తర్వాత పాతికేళ్లకు పైగా ఊళ్లలో ఎక్కువగా వేసింది ఆ సీరం ఒక్కటే. అది తప్పు దారని నా వాదన. సీరం అంటే రక్తం నుంచి తీసిన ద్రవం; అందులో ఉండేది వేరే ఎద్దు ఒంట్లో తయారైన రక్షణ. మన పశువులో అది పది పదిహేను రోజులకు మించి నిలవదు. మళ్లీ ఏడు జాడ్యం వస్తే అదే పశువు పోతుంది. ఒక పక్క సీరం, ఇంకో పక్క రోగపు రక్తం కొద్దిగా ఎక్కించే జంట పద్ధతిని దక్షిణాఫ్రికాలో 1897లోనే కోలె, టర్నర్ అనే శాస్త్రవేత్తలు వాడారు. దాంతో వచ్చే రక్షణ ఏళ్ల తరబడి ఉంటుంది. దాన్ని పల్లెలకు ఎందుకు దించలేదు?

పలుపుతాడు:
మూపురం గారూ, ఆ రక్తం ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. ముందు ఒక దూడకు ముసర అంటించాలి. జ్వరం బాగా ఎక్కిన రోజు రక్తం తీసి, గడ్డకట్టకుండా సిట్రేటు కలపాలి. మన ఎండల్లో అది త్వరగా పనికిరాకుండా పోతుంది కాబట్టి రోగపు దూడను ఊరూరా నడిపించుకుంటూ పోవాలి.

అంతకన్నా పెద్ద చిక్కు, ఆ దూడ రక్తంలో పైకి తెలియకుండా దాగి ఉండే పైరోప్లాజం పరాన్నజీవులు. ముసర ప్రతిచర్యతో నీరసించిన పశువులో అవి విజృంభిస్తాయి. ముసర తగ్గిందనుకునేలోపే మళ్లీ జ్వరం, ఎర్రటి మూత్రం. దుక్కి అదనులో అరకటెద్దు అలా పడిపోతే రైతు మళ్లీ సూది వేయనిస్తాడా? పైగా జంట పద్ధతిలో సూది పడ్డ పశువు కూడా రోగాన్ని బయటికి వదలొచ్చు. ఒకే చెరువు, ఒకే మంద ఉన్న ఊళ్లో దాన్ని విడిగా కట్టేయడం కాగితం మీద మాటే.

గరికపోచ:
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. జాడ్యం ఊళ్లో ఉండగా సీరం వేస్తే అది పది రోజుల రక్షణతో ఆగిపోదు. సూది వేశాక మంచి పశువులను రోగపు పశువులతోనే కలిపి ఉంచాలి, రోగి చొంగను వాటి మూతికి రాయాలి. సీరం చాటున రోగం తేలిగ్గా వచ్చి పోతుంది, మిగిలే రక్షణ గట్టిది. రోగం తగలకపోతే మాత్రం సూది వృథా. చాలాచోట్ల పని చెడింది ఇక్కడే: సూది వేయించిన వెంటనే భయంతో పశువులను పొరుగూరికి తోలేశారు.

ఆలస్యం ఇంకో దెబ్బ. చిగుళ్ల మీద తవుడు చల్లినట్టు పుళ్లు కనబడేసరికి జ్వరం మొదలై రెండు మూడు రోజులు అయివుంటుంది. అప్పుడు సీరం పెద్దగా చేసేదేమీ లేదు. పొద్దున్నే మంద మొత్తానికి థర్మామీటరు పెట్టి, 104 దాటినవాటిని ముందే వేరుచేసుకోవాల్సింది.

మూపురం:
గరికపోచ గారి మాట ఒప్పుకుంటున్నా, కానీ సగమే. ప్రతి ఊళ్లో జాడ్యం తగిలేదాకా ఆగడమంటే ముందుగా కాపాడటం అసలు లేనట్టే. 1928లో రాయల్ వ్యవసాయ కమిషన్ కూడా జంట పద్ధతి వైపే మొగ్గింది.

పలుపుతాడు:
మొగ్గింది నిజమే. అయితే అప్పటికి ముక్తేశ్వర్‌లో ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త ముసర వైరస్‌ను మేక నుంచి మేకకు ఎక్కిస్తూ వస్తున్నాడు. మేక రక్తంలో పశువుల పైరోప్లాజం ఉండదు, ఆ భయం పోయింది. అలా ఎక్కించగా ఎక్కించగా వైరస్ మన మైదానపు పశువులకు మెత్తబడింది, తర్వాత సీరం అక్కర్లేకుండానే వేయగలిగారు. 1932లో రాణిపేటలో మద్రాసు సీరం సంస్థ వచ్చింది. 1915లో జంట పద్ధతిని ఊళ్లమీదికి వదిలి ఉంటే, మేక వైరస్ వచ్చేనాటికి సూది అంటేనే రైతు తలుపు వేసుకునేవాడు.

గరికపోచ:
మేక వైరస్ కూడా అందరికీ మెత్తన కాదు. కొండజాతి పశువులకు, సీమ సంకరాలకు అది గట్టిగానే తగిలింది. వాటికి సీరం తోడు ఉంచాల్సిందే.