‘మోరోవిండ్’ ఇప్పటికీ ఎందుకు నిలబడింది?

హెచ్‌ఎస్‌ఆర్ వాసి:
బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, మా అన్నయ్య మాట మీద, 2002లో బెథెస్డా సంస్థ విడుదల చేసిన ‘మోరోవిండ్’ అనే కంప్యూటర్ ఆటను ఈ మధ్యే మొదలుపెట్టాను. ఎటు వెళ్ళాలో చూపే బాణం గుర్తు లేదు. ఎదురుగా నిలబడి కత్తితో కొట్టినా ఒడ్డున పాకే పీతకు కూడా తగలడం లేదు. ఇంత ఇబ్బంది పెట్టే ఆటను ఇన్నేళ్ళ తరువాత కూడా చక్కని రూపకల్పన అని ఎందుకు మెచ్చుకుంటారో, ఆడినవారు వివరించగలరా?

పాత డిస్కు:
మీరు లోపమనుకుంటున్న చోటే దాని బలం ఉందని నా అభిప్రాయం. ఆటలోని బాల్మోరా అనే ఊళ్ళో హాస్ఫాట్ అనే ఆయన మిమ్మల్ని ఆర్క్‌న్‌గ్‌థాండ్ శిథిలాలకు పంపేటప్పుడు, ఊరి దక్షిణాన నది దాటమనీ, దారి పలకలు చూసుకొమ్మనీ, మూన్‌మాత్ కోట దగ్గర పాత వంతెన వస్తుందనీ చెబుతాడే తప్ప, పటం మీద చుక్క పెట్టడు. ఫోనులో మ్యాపులు రాకముందు, ఎన్నో మెయిన్, ఎన్నో క్రాస్ అని వచ్చీరాని కన్నడంలో అడుగుతూ జయనగర్‌లో స్నేహితుడి ఇల్లు పట్టుకున్నవాళ్ళకు ఇది కొత్త కాదు. అలా చేరిన ఇంటికి రెండోసారి ఎవరినీ అడగకుండానే వెళ్ళేవాళ్ళం. ఇక్కడా దారి గుర్తుంచుకోవాలి గనుక నదినీ కోటనూ నిజంగా చూస్తాము. ఇదే వరుసలో 2006లో వచ్చిన తరువాతి ఆట ‘ఆబ్లివియన్’లో దిక్సూచి మీద గుర్తు పెట్టారు, ఆ ఆట ఆడినంతసేపూ నా చూపు దిక్సూచిని దాటలేదు.

ప్రయాణమూ అంతే. సిల్ట్ స్ట్రైడర్ అనే పెద్ద పురుగు కొన్ని ఊళ్ళకే వెళుతుంది, మిగతావాటికి పడవో, మంత్రంతో వేరే ఊరికి పంపే మంత్రగాళ్ళ సంఘమో దిక్కు. మెజెస్టిక్‌లో బస్సు మారినట్టు ఎక్కడ దిగి ఏది ఎక్కాలో మనమే లెక్క వేసుకోవాలి.

మూడో క్రాస్:
పై మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, పాతదైనందువల్ల ప్రతిదీ గొప్పదనలేము. మొదట్లో ఆటలోని దినచర్య పుస్తకంలో అన్ని పనులూ తేదీల వరుసలో కలగాపులగంగా ఉండేవి. పనులవారీగా చూసుకునే వీలు అదే ఏడాది ‘ట్రిబ్యునల్’ అనుబంధంతో వచ్చింది.

ఇక మీ పీత సంగతి. దెబ్బ తగలడం మీ నైపుణ్యమూ అలసటా కలిపి వేసే పాచికల లెక్క. పరుగెత్తుకుంటూ వెళితే మీ ఓపికను చూపే ఆకుపచ్చ పట్టీ ఖాళీ అవుతుంది, కత్తి గాలిలో తిరుగుతుంది. కాస్త నిలబడి, మొదట ఎంచుకున్న నైపుణ్యానికి తగిన ఆయుధమే పట్టుకోండి. ఆ లెక్క తెరమీద కనిపించకపోవడం మాత్రం రూపకర్తల తప్పే.

నాకు నచ్చినది వేరొకటి. మొదటి ఊరు సేడా నీన్ బయట ఒక మంత్రగాడు ఆకాశం నుంచి కేకపెడుతూ పడి చనిపోతాడు. అతని దగ్గర దొరికే మూడు మంత్ర పత్రాలలో ఒకటి చదివి దూకితే మీరూ మైళ్ళ దూరం ఎగురుతారు. అయితే మంత్రం ఏడు సెకన్లే ఉంటుంది గనుక, నేలను తాకేలోపు రెండోది చదవకపోతే మీ గతీ అదే. ఆట ఒక్క హెచ్చరికా ఇవ్వదు, శవాన్ని మాత్రం చూపిస్తుంది.

హెచ్‌ఎస్‌ఆర్ వాసి:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఆ శవం దగ్గర పత్రాలు తీసుకుని, ఏమిటో తెలియక మూడూ అంగట్లో అమ్మేశాను. అంతకు ముందు ఆటను భద్రపరచిన పాత సేవ్ ఒకటి ఉంది, ఈ రాత్రికి అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెడతాను.