కానగుర్త మొప్పల్లో ఏడు పట్టుల పురుగు: కొత్త జాతేనా?

వశిష్ఠతీరం: నేను జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మాది అంతర్వేది, నాన్న వేటకు వెళ్తారు. ప్రాజెక్టు కోసం మధ్యాహ్నం బజారులో ఐసులో పెట్టిన కానగుర్తలు (మాకెరెల్ రకం చేపలు) నాలుగు కొని మొప్పలు విప్పాను. తెల్లని దారపు ముక్కల్లాంటి బల్లపరుపు పురుగులు మూడు దొరికాయి. పట్టకారుతో లాగి ఆల్కహాలులో వేశాను. రెండింటికి వెనుక కొసన నాలుగు జతల పట్టులు, అంటే మొప్పను కరచుకునే అవయవాలు, ఉన్నాయి. మూడోదానికి ఒక వైపు నాలుగు, రెండో వైపు మూడే! ఇలాంటి పురుగుల్లో కూనియా అనే ప్రజాతికి ఎనిమిది ఉండాలి కదా. ఇది కొత్త జాతి అనుకోవచ్చా? రాత్రంతా నిద్ర పట్టలేదు.

పాతమాస్టారు: అమ్మా, ఆ ఒక్క పురుగు మీద ఆశ పెట్టుకోవద్దు. ఐసులో గంటల తరబడి ఉన్న చేపలో పురుగు చచ్చి మెత్తబడుతుంది. మొప్ప రేకును కరచుకున్న పట్టు, మనం లాగితే తెగి అక్కడే ఉండిపోతుంది. కాకినాడ రేవు చేపల్లో ఇలాంటివి ఎన్నో చూశాను. మొప్పలు పారేయకపోతే లెన్సు కింద మళ్ళీ వెతుకు.

రెండు వైపులా సమానంగా లేకపోవడం కూడా వింత కాదు. మాకెరెల్ చేపల మీదే ఉండే గ్రూబియా అనే మరో పురుగుకు ఒక వైపు నాలుగు, మరో వైపు ఒకటే. జాతిని తేల్చాలంటే పట్టులోని గట్టి కడ్డీల ఆకారం, తోక కొసన కొంకెలు, జననరంధ్రం దగ్గరి ముళ్ళు మైక్రాన్లలో కొలవాలి. ఆ తేడా చాలా పురుగుల్లో ఒకే తీరుగా కనిపించాలి.

ఉప్పుటేరు: తెల్లవారుజామున పడవ ఒడ్డుకు రాగానే చేపలు తీసుకోండి. మొప్పలను వేడి నీటిలో కుదిపితే పురుగు ముడుచుకోకుండా చస్తుంది. కొన్నింటిని బొమ్మ గీయడానికి ఫార్మాలిన్‌లో, కొన్నింటిని డీఎన్ఏ కోసం 95 శాతం ఆల్కహాలులో ఉంచండి. చేపనూ ఫొటో తీయండి. కానగుర్త ప్రజాతి రాస్ట్రెల్లిగర్‌లో మూడు జాతులున్నాయి, ఏ చేప మీద దొరికిందో తప్పు రాస్తే మిగతా శ్రమంతా వృథా.

రేవు పేరు, తేదీ, మీ నాన్నగారు ఆ చేపను పిలిచే పేరు కూడా రాసిపెట్టుకోండి. ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం చేపల గురించి 1803లో వేసిన పుస్తకంలో ఈ తెలుగు పేరు రాసి ఉంచాడు కనుకనే, 1816లో ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు కువియే ‘కానగుర్త’ను శాస్త్రనామంలోకి తీసుకున్నాడు. నాకు ఆ సంగతి ఎప్పుడు తలచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది.

వశిష్ఠతీరం: మాస్టారూ, పాత మొప్పల్లో ఆ ఎనిమిదో పట్టు దొరికింది! రేకును కరచుకునే ఉంది. కాసేపు ఏడుపొచ్చిన మాట నిజం. ఈ రోజు నాన్న పడవలోని ఆరు చేపల్లో పదకొండు పురుగులు వచ్చాయి, అన్నింటికీ ఎనిమిదే. వేడి నీటిలో చక్కగా చాచుకున్నాయి. రేపు ముళ్ళు కొలవడం మొదలుపెడతాను.