పైన్‌ల్యాండ్స్ కమిషన్‌లో ఆ 15 కుర్చీలు ఎవరివి?

నీరెండ (మార్ల్‌టన్, న్యూజెర్సీ)

దక్షిణ జెర్సీలో ఉంటున్న మనవాళ్ళందరికీ ఒక ప్రశ్న. కొంచెం కోపంగానే రాస్తున్నాను, మన్నించాలి.

నాలుగేళ్ళ క్రితం రెండున్నర ఎకరాల స్థలంలో ఇల్లు కొన్నాము. అమ్మానాన్నలు వస్తే వారికి వెనకవైపు చిన్న ఇల్లు వేరుగా కట్టాలని అప్పటి నుంచీ మా కోరిక. మొన్న ఇంజనీరును పిలిపిస్తే ఆయన టేపు కూడా బయటికి తీయలేదు. ఫోనులో మ్యాపు చూసి, "ఇది పైన్‌ల్యాండ్స్ అని మీకు ఎవరూ చెప్పలేదా?" అన్నారు. చట్టం కాపాడుతున్న అడవి ప్రాంతమట. ఇక్కడ మామూలు సెప్టిక్ ట్యాంకు పెట్టాలంటే ఇంటికి 3.2 ఎకరాలు ఉండాలట. ఇల్లు ఇప్పించిన ఏజెంటు వంటింటి గ్రానైటు గురించి అరగంట చెప్పాడు గానీ ఈ ముక్క చెప్పలేదు.

సరే, కొనేముందు అడగకపోవడం నా తప్పే. నా ప్రశ్న వేరు. ఈ నియమాలు పెట్టేది పైన్‌ల్యాండ్స్ కమిషన్. అందులో 15 మంది. ఏడుగురిని గవర్నర్ నియమిస్తారు. ఏడు కౌంటీలు తలా ఒకరిని పంపుతాయి. ఒకరిని వాషింగ్టన్‌లో ఉన్న ఇంటీరియర్ మంత్రి (దేశపు ప్రభుత్వ భూములు, పార్కులు చూసే మంత్రి) నియమిస్తారు. పదవి మూడేళ్ళు, జీతం లేదు. స్కూలు బోర్డుకు ఓటు వేస్తున్నాను. నా పెరట్లో ఏమి కట్టుకోవచ్చో తేల్చే వీరిలో ఒక్కరికీ ఓటు వేయలేదు.

నా ప్రతిపాదన: ఆ 15 మందినీ పైన్‌ల్యాండ్స్ హద్దు లోపల నివసించేవారే ఎన్నుకోవాలి. ఏమంటారు?

పాతకాపు (హామంటన్)

నీరెండ గారూ, మీ బాధ అర్థమైంది. ప్రతిపాదన మాత్రం మింగుడు పడలేదు.

నేను ఈ బ్లూబెర్రీ తోటల మధ్యకు వచ్చి ముప్ఫై ఏడేళ్ళు. మా ఇంటి వెనక వాగు నీరు టీ డికాక్షన్ రంగులో ఉంటుంది. మా అమ్మ మొదటిసారి చూసి, ఏదో ఫ్యాక్టరీ వారు మురుగు వదిలారనుకుంది. ఫ్యాక్టరీ లేదు, ఏమీ లేదు. సీడర్ చెట్ల ఆకులు, బెరడు నానిన రసం, నేలలోని ఇనుము కలిసిన రంగు అది. దోసిట్లోకి తీసుకుంటే బంగారు రంగు. ఆ వాగుకు ఏ టౌన్‌షిప్ హద్దూ తెలియదు. దాని కింద ఉన్న కిర్క్‌వుడ్-కోహాన్సీ జలాశయానికి అసలే తెలియదు. అందులో 17 లక్షల కోట్ల గ్యాలన్ల నీరు ఉందని అంచనా.

1960లలో ఈ అడవిలోనే పెద్ద జెట్ విమానాశ్రయం, దాని పక్కన రెండున్నర లక్షల మందికి కొత్త నగరం అనుకున్నారు. అప్పట్లో ఏ ఊరి కుంపటి దానిదే. ఒక ఊరు కాదంటే బిల్డరు పక్క ఊరికి వెళ్ళేవాడు. 1978లో ఫెడరల్ చట్టం వచ్చి 11 లక్షల ఎకరాలను, అంటే రాష్ట్రంలో అయిదో వంతుకు పైగా, నేషనల్ రిజర్వ్ చేసింది. దేశంలో అలాంటిది అదే మొదటిది. 1979లో గవర్నర్ బ్రెండన్ బర్న్ ముందు కొత్త కట్టడాలకు అడ్డుకట్ట వేసి, ఆ తర్వాత రాష్ట్ర చట్టం తెచ్చారు. కమిషన్ పుట్టింది ఇలా.

ఇప్పుడు మీరు లోపలివారే ఎన్నుకోవాలంటున్నారు. చెరువు గట్టు మీద ఇళ్ళున్న నలుగురే తూము ఎప్పుడు ఎత్తాలో తేలిస్తే, కింద ఆయకట్టు వారి సంగతి ఎవరు చూడాలి?

రాత్రి డ్యూటీ (ఎగ్ హార్బర్ టౌన్‌షిప్)

పాతకాపు గారి పోలిక బాగుంది. కానీ నేను ఉన్నది గట్టు మీదా కాదు, ఆయకట్టులోనూ కాదు. గట్టు వారి ఇళ్ళన్నీ తెచ్చి దించిన చోట ఉన్నాను.

కమిషన్ అడవి మధ్యలో ఇళ్ళు వద్దంది. మంచిదే. అయితే ఆ ఇళ్ళు ఎక్కడికి పోవాలి? అంచుల్లో ఉన్న కొన్ని టౌన్‌షిప్‌లకు "రీజినల్ గ్రోత్ ఏరియా" అని పేరు పెట్టింది. మా ఊరు వాటిలో ఒకటి. 1980లో మా జనాభా 19 వేలు. 2010 నాటికి 43 వేలు దాటింది. అట్లాంటిక్ సిటీ క్యాసినోలు కూడా అప్పుడే పెరిగాయి, కాదనను. నేను వచ్చింది కూడా అక్కడి పనికే. కానీ ఆ 43 వేల జనాభాలోని పిల్లలకు బడులు కట్టింది కమిషన్ కాదు, మా ఆస్తి పన్ను. తెల్లవారుజామున డ్యూటీ దిగి వస్తుంటే స్కూలు బస్సుల వెనక నిలబడేది నేను. చెట్లు వారికి, సిగ్నళ్ళు మాకు.

మా అట్లాంటిక్ కౌంటీకి కమిషన్‌లో ఒకే కుర్చీ. పెద్దగా గ్రోత్ ఏరియా లేని కౌంటీకీ ఒకే కుర్చీ. భారం మోసేవారికి ఇంకో కుర్చీ వేయాలి. ఎన్నికలా, నియామకమా అన్నది తర్వాత.

నీరెండ

ఇది నాకు తోచలేదు. రాత్రి డ్యూటీ గారూ, మీ పోస్టుతో నా పోస్టు పలచబడిపోయింది.

ఇసుకమేట (టామ్స్ రివర్)

నేను నీటి పరీక్షల ప్రయోగశాలలో పని చేస్తాను. నీరెండ అన్నయ్య 3.2 ఎకరాల సంగతి ఎత్తారు కనుక అది ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. అదేదో అధికారి గాలిలోంచి తీసిన అంకె అనుకుంటారు చాలామంది.

తాగే నీటిలో నైట్రేట్-నైట్రోజన్ లీటరుకు 10 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చని దేశ ప్రమాణం. పైన్‌ల్యాండ్స్‌లో కమిషన్ పెట్టిన హద్దు 2. ఎందుకంటే ఇక్కడ నేల ఇసుక. మన ఊళ్ళలో నల్లరేగడిలో నీరు పోస్తే నిలబడుతుంది. ఇక్కడ చెంబెడు పోస్తే మీరు చెంబు దించేలోగా కనపడదు. సెప్టిక్ నుంచి వచ్చే నైట్రేటూ అంతే వేగంగా దిగుతుంది. ఇక్కడి మొక్కలు, కప్పలు పులుపు నీటికి, పోషకాలు లేని నేలకు అలవాటు పడ్డవి. మనకు ఏమీ కాని మోతాదు వాటి స్థానంలో కలుపును తెస్తుంది. ఒక ఇంటి నైట్రేట్ వాన నీటిలో పలచబడి 2కు దిగాలంటే ఎంత నేల కావాలో లెక్క కట్టారు. 3.2 అలా వచ్చింది.

మెరుగైన శుద్ధి పరికరాలు పెడితే ఎకరం స్థలంలో కూడా ఇంటికి అనుమతించే పథకం ఉంది. అయితే ఆ ప్రాంతపు జోనింగ్, అంటే ఎక్కడ ఏమి ఎంత కట్టవచ్చో చెప్పే నియమం, ఒప్పుకోవాలి. అన్నయ్యా, మీ స్థలానికి ఇంకో ఇల్లు జోనింగ్‌లోనే లేకపోతే ఏ పరికరం పెట్టినా ప్రయోజనం లేదు. ముందు అది చూసుకోండి.

ఇక కుర్చీల సంగతి. ఫెడరల్ చట్టం సభ్యుల్లో వ్యవసాయం లాంటి స్థానిక జీవనోపాధుల వారు ఉండాలంది, పరిరక్షణ వైపు వారు ఉండాలంది. నీటి సంగతి తెలిసినవారికంటూ విడిగా కుర్చీ లేదు. సిబ్బందిలో శాస్త్రవేత్తలు ఉన్నారు, నివేదికలు రాస్తారు. చేయి ఎత్తేది మాత్రం ఆ 15 మందే.

లెక్కల మాస్టారు (చెర్రీ హిల్)

అందరూ ఎవరు కూర్చోవాలి అంటున్నారు. ఎంతమంది కూర్చుంటే పని జరుగుతుందో ఎవరూ అడగలేదు. చాక్‌పీసు అందుకుంటాను.

కమిషన్ ఏదైనా తీర్మానించాలంటే 8 ఓట్లు కావాలి. వచ్చినవారిలో సగం కాదు, మొత్తం 15లో సగానికి మించి. పది మంది వచ్చి ఏడుగురు అవునన్నా తీర్మానం వీగిపోతుంది. అంటే ఖాళీ కుర్చీ కూడా ఓటు వేస్తుంది, ఎప్పుడూ "వద్దు" అనే.

గవర్నర్ పంపిన పేర్లను రాష్ట్ర సెనేట్ ఆమోదించాలి. అక్కడ పేర్లు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఊరగాయ పెట్టినట్టు నానుతాయి. ఈలోగా పదవీకాలం ముగిసినవారు, కొత్తవారు వచ్చేదాకా అక్కడే కొనసాగుతారు. అలాంటి వారు ధైర్యంగా ఓటు వేస్తే? మర్నాడే వారి స్థానంలో ఇంకొకరిని కూర్చోబెట్టవచ్చు. కత్తి పైన వేలాడుతూనే ఉంటుంది.

దీనికి మించి ఇంకోటి. ప్రతి సమావేశం మినిట్స్, అంటే అక్కడ తీర్మానించినవాటి నమోదు, గవర్నర్‌కు వెళ్ళాలి, ఆయన వీటో చేయవచ్చు. కాబట్టి నీరెండ గారూ, 15 మందినీ మీరే ఎన్నుకున్నా పదహారో మనిషి రాష్ట్ర రాజధాని ట్రెంటన్‌లో ఉంటాడు.

పాతకాపు

మాస్టారు చెప్పినదానికి ఉదాహరణ కళ్ళారా చూశాను.

బీస్లీస్ పాయింట్‌లో బొగ్గుతో నడిచే పాత విద్యుత్ కేంద్రం ఉండేది, బి.ఎల్. ఇంగ్లాండ్. దాన్ని గ్యాస్‌కు మార్చడానికి 22 మైళ్ళ పైపు వేయాలన్నారు, అందులో చాలా భాగం పైన్‌ల్యాండ్స్ గుండా. రెండు పార్టీలకూ చెందిన నలుగురు మాజీ గవర్నర్లు, బర్న్, కీన్, ఫ్లోరియో, విట్‌మన్, వద్దని ఉత్తరం రాశారు. 2014 జనవరి 10న ఓటు. ఒక సభ్యుడు పక్కకు తప్పుకోవలసి వచ్చింది, మిగిలింది 14. ఏడు, ఏడు. ఎనిమిది రాలేదు, ప్రతిపాదన పోయింది.

ఆ తర్వాత మూడేళ్ళలో కొన్ని కుర్చీల్లో మనుషులు మారారు. మధ్యలో కోర్టుకూ వెళ్ళింది. 2017 ఫిబ్రవరిలో అదే పైపు, 9కి 5తో ఆమోదం. నిబంధనల పుస్తకం మారలేదు. ఇసుక మారలేదు. నీరు మారలేదు.

చివరికి జరిగింది వినండి. ఆ విద్యుత్ కేంద్రం 2019లో మూతపడింది. పైపు వేయనేలేదు. ఇంత రభస జరిగింది ఆ పైపు కోసమే.

రాత్రి డ్యూటీ

రభసే అయితే కావచ్చు పాతకాపు గారూ. ఆ కేంద్రంలో పని చేసినవారికి అది జీతం. ఆ ఏడుగురు "అవును" వారందరినీ బిల్డర్ల మనుషులన్నట్టు రాయకండి. బొగ్గు పొగ కంటే గ్యాస్ మేలని నమ్మినవారూ వారిలో ఉండి ఉంటారు.

పాతకాపు

ఒప్పుకుంటున్నాను. ఆ మాట రాయలేదు గానీ ధ్వనించింది.

చేనుగట్టు (హైదరాబాద్)

మా అన్నయ్య ఎడిసన్‌లో ఉంటారు, ఆయన పంపితే ఇదంతా చదివాను. పరాయి ఇంటి పంచాయితీలో దూరుతున్నానని అనుకోకండి.

1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు మీకు తెలుసు. వాటిని కాపాడడానికి 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. పది కిలోమీటర్ల పరిధి, 84 గ్రామాలు, లక్షా ముప్ఫై రెండు వేల ఎకరాలు. మా పెదనాన్న గారి భూమి అందులోనే. ఉద్దేశం మీ చట్టం లాంటిదే. తేడా ఏమిటంటే, మా పెదనాన్న వెళ్ళి మాట్లాడడానికి ఒక్క కుర్చీ కూడా లేదు. కౌంటీ సభ్యుడు లేడు, నెలనెలా సమావేశం లేదు, మైకు లేదు. ఒక కాగితం వచ్చింది, అంతే. ఆయన దానికి కట్టుబడి జొన్న వేసుకున్నారు. కట్టుబడనివారు ఫామ్‌హౌసులు, ఫంక్షన్ హాళ్ళు కట్టుకున్నారు. 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చి ఆ ఆంక్షలను సడలించింది. అదీ ఒక కాగితమే. కాగితంతో వచ్చింది కాగితంతో పోయింది.

మీరు 15 మంది సరిపోరని కొట్లాడుకుంటున్నారు. నాకు అసూయగా ఉంది. ఒకటి చెప్పండి, అడవిలో భూమి ఉన్న రైతుకు అక్కడ ఏమిచ్చారు?

పాతకాపు

హక్కు కాగితాలు ఇచ్చారు. పైన్‌ల్యాండ్స్ డెవలప్‌మెంట్ క్రెడిట్ అంటారు. వ్యవసాయ ప్రాంతంలో 39 ఎకరాల మెరక భూమికి రెండు క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌లో నాలుగు హక్కులు, ఒక్కో హక్కుకు గ్రోత్ ఏరియాలో బిల్డరు ఒక ఇల్లు అదనంగా కట్టుకోవచ్చు. రైతు క్రెడిట్లను అమ్ముకుంటాడు, భూమి ఆయనదే, సాగు ఆయనదే, ఇళ్ళు మాత్రం ఎప్పటికీ రావు. ఆ షరతు దస్తావేజులోనే ఎక్కుతుంది. ఇలా 50 వేల ఎకరాలకు పైగా రక్షణలోకి వచ్చాయి. మా పక్క తోట ఆయన క్రెడిట్లు అమ్మిన డబ్బుతో బిందుసేద్యం పైపులు వేయించుకున్నారు. ఇప్పటికీ జూన్ చివర మాకు రెండు బుట్టల బెర్రీలు పంపుతారు.

చేనుగట్టు

మా 84 గ్రామాలకు ఇలాంటిది ఉండి ఉంటే పెదనాన్న ఇరవై ఆరేళ్ళు తిట్టుకుంటూ కూర్చునేవారు కాదు. కనీసం తక్కువ తిట్టుకునేవారు.

రాత్రి డ్యూటీ

ఆ అదనపు ఇల్లు ఎక్కడ కట్టారో చేనుగట్టు గారు అడగలేదు, నేను చెబుతాను. మా ఊళ్ళో. అందుకే మాకు రెండో కుర్చీ కావాలంటున్నాను.

నీరెండ

రెండు రోజులు చదివాక ఎన్నికల మాట వెనక్కి తీసుకుంటున్నాను. లోపల ఓటర్లం తక్కువ, నీరు అందరిదీ. తూము పోలిక పడింది.

కానీ ఒకటి వదలను. క్యాండేస్ ఆష్మన్ అనే ఆవిడ 1979లో మొదటి కమిషన్‌లో చేరి 2020లో కన్నుమూసేదాకా సభ్యురాలిగానే ఉన్నారట. మూడేళ్ళ పదవిలో 41 ఏళ్ళు! ఆవిడ ఎంత గొప్పవారైనా కావచ్చు. గడువు ముగిసిన ఆరు నెలల్లో కుర్చీ ఖాళీ కావాలని చట్టంలో రాయాలి.

లెక్కల మాస్టారు

అప్పుడు సెనేట్ పేర్లను నానబెడితే కుర్చీలు వరసగా ఖాళీ. నిన్ననే చెప్పాను, ఖాళీ కుర్చీ ఏమని ఓటు వేస్తుందో. తొమ్మిది మంది మిగిలితే ఇద్దరు కాదంటే చాలు, కమిషన్ స్తంభించిపోతుంది. ఆష్మన్ గారి విషయానికి వస్తే, 1980 నాటి ప్రణాళికలో ఒక వాక్యం ఎందుకు అలా రాశారో బల్ల దగ్గర కూర్చుని చెప్పగలిగిన వ్యక్తి ఆవిడ. అలాంటి ఒక్కరినైనా కాలపరిమితి పెట్టి పంపించేయమంటారా?

నీరెండ

పంపించమనను. ఆమెను మళ్ళీ నియమించమంటాను, బహిరంగంగా, సెనేట్‌లో అడిగి. గడువు దాటి కూర్చోబెట్టడం వేరు, మళ్ళీ పిలిచి కూర్చోబెట్టడం వేరు. మొదటి దానిలో కత్తి ఉంటుందని మీరే అన్నారు మాస్టారూ.

లెక్కల మాస్టారు

ఇది ఒప్పుకుంటాను. అయితే సెనేట్‌కు కూడా గడువు పెట్టండి. 90 రోజుల్లో కాదనకపోతే అవునన్నట్టే.

రాత్రి డ్యూటీ

దానితో పాటు అట్లాంటిక్ కౌంటీకి రెండో కుర్చీ.

పాతకాపు

రెండో కుర్చీ వేస్తే 16 అవుతారు, 8-8 అవుతుంది.

రాత్రి డ్యూటీ

ఇంటీరియర్ మంత్రి మనిషిని లేపండి.

ఇసుకమేట

ఆ ఒక్కరే మొత్తం దేశం తరఫున ఉన్నది, లేపకండి. నీరెండ అన్నయ్యా, అమ్మానాన్నల సంగతి ఏమి చేశారు?

నీరెండ

మే నెలలో వస్తున్నారమ్మా. ప్రస్తుతానికి గ్యారేజీ మీద ఒక పడకగది వేయిద్దామని చూస్తున్నాము.

ఇసుకమేట

మేస్త్రీని పిలిచే ముందు సెప్టిక్ కాగితాలు తీసి చూడండి. ట్యాంకు ఎన్ని పడకగదులకు లెక్క కట్టి వేశారో అందులో ఉంటుంది. నాలుగుకు వేసి ఉంటే, మీది అయిదో గది.