చెన్నైలో కారు ఏసీ నుంచి ముక్క వాసన: రాకుండా ఏమి చేయాలి?

ప్రశ్న (షోలింగనల్లూరు సభ్యురాలు)

అందరికీ నమస్కారం. మా కారులో ఏసీ వేసిన మొదటి రెండు మూడు నిమిషాలు, తడి ఆరకుండా మడిచిపెట్టిన తువ్వాలు నుంచి వచ్చేటటువంటి ముక్క వాసన వస్తోంది. తర్వాత అది క్రమంగా తగ్గిపోతుంది. చల్లదనంలో మాత్రం ఏ లోపమూ లేదు. వేసవిలో నెల్లూరు వెళ్లి వచ్చినప్పుడు ఇది పెద్దగా తెలియలేదు కానీ, అక్టోబరులో వానలు మొదలైన దగ్గర నుంచి ప్రతి ఉదయమూ ఇదే పరిస్థితి. మా అత్తయ్యగారికి ఉబ్బసం ఉంది. కారు ఎక్కి తలుపు వేసిన కాసేపటికే ఆవిడకు దగ్గు మొదలవుతున్నందువల్ల దీన్ని చిన్న విషయమని వదిలేయలేకపోతున్నాను.

ఒక వర్క్‌షాపులో చూపిస్తే గ్యాస్ నింపాలన్నారు. మరొక చోట డ్యాష్‌బోర్డు మొత్తం విప్పి, కూలింగ్ కాయిల్ బయటికి తీసి కడగాలన్నారు. ఇద్దరు చెప్పినదానికీ పొంతన లేదు. అసలు ఈ వాసన ఎక్కడ పుడుతుంది, అంత పెద్ద పని అవసరమా, ఒకసారి పోయాక మళ్లీ రాకుండా రోజూ ఏమి చేయాలి అన్నది తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

జవాబు (అంబత్తూరు సభ్యుడు)

నమస్కారమమ్మా. కార్ల ఏసీ పనిలో చాలాకాలంగా ఉన్నవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు గ్యాస్ సంగతి. ఆ గ్యాస్ మూసి ఉన్న గొట్టాలలో తిరుగుతుందే తప్ప మీరు పీల్చే గాలిని ఎక్కడా తాకదు. చల్లదనం బాగుందని మీరే అంటున్నారు కనుక గ్యాస్ నింపించవలసిన పని లేదు, నింపించినా ఈ వాసన పోదు.

వాసన పుట్టేది డ్యాష్‌బోర్డు వెనుక ఉండే కూలింగ్ కాయిల్ మీద. ఏసీ నడుస్తున్నప్పుడు దాని ఉపరితలం కొద్ది డిగ్రీల చల్లదనంలో ఉంటుంది. 32 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న మన చెన్నై గాలిలో ఒక్కొక్క ఘనపు మీటరుకు దాదాపు 23 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అదే గాలిని 5 డిగ్రీలకు చల్లబరిస్తే అది సుమారు 7 గ్రాములను మాత్రమే పట్టి ఉంచగలదు. మిగిలినదంతా నీరై కాయిల్ రేకుల మీద చేరి, కింద ఉన్న డ్రెయిన్ పైపు ద్వారా రోడ్డు మీద పడుతుంది. ఆగి ఉన్న కారు కింద మనకు కనిపించే నీళ్ల మడుగు అదే. అంతవరకు అది సహజమైన విషయం. అయితే మనం ఇంటికి చేరి, ఏసీ నడుస్తుండగానే ఇంజను ఆపేసినప్పుడు ఆ రేకుల మధ్య నిలిచిన తడికి బయటికి పోయే దారి ఉండదు. చీకటిగా, గాలి ఆడకుండా, త్వరలోనే వెచ్చబడే ఆ చోట, రేకులకు అంటుకున్న దుమ్మును ఆహారంగా చేసుకొని బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి. మరునాడు బ్లోయర్ (గాలి విసిరే ఫ్యాను) తిరగగానే ముక్కుకు తగిలేది అక్కడి వాసనే.

కాబట్టి ఆపే ముందు కాయిల్‌ను ఆరబెట్టడమే అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త, దానికి పైసా ఖర్చు లేదు. ఇల్లు ఇంకో ఐదు నిమిషాల దూరంలో ఉందనగా ఏసీ బటన్ మాత్రం ఆపండి, బ్లోయర్‌ను ఆపకుండా మధ్యస్థాయికి పైన ఉంచండి, బయటి గాలి లోపలికి వచ్చేలా మీట మార్చండి. మొదట్లో కొంత చెమ్మ గాలి ముఖానికి తగులుతుంది, అదే కాయిల్ మీద నుంచి లేచిపోతున్న తడి. వానలో ఇలా చేస్తే ఆ చెమ్మ అద్దం మీద పట్టి, ఎదురుగా ఏమీ కనిపించకుండా పోయే ప్రమాదం ఉంది. అందువల్ల వాన పడుతున్నప్పుడు బండి నిలిపాకే ఈ పని చేయండి. కొన్ని కొత్త కార్లలో ఇంజను ఆపిన తర్వాత బ్లోయర్ తనంతట తానే కాసేపు తిరిగి కాయిల్‌ను ఆరబెట్టే సదుపాయం ఉంది. మీ కారు మాన్యువల్‌లో అలాంటిది ఉందేమో చూసుకోండి.

నవంబరులో గాలే తడిసి ముద్దగా ఉన్న రోజుల్లో బయటి గాలితో కాయిల్ ఆరడం కష్టం. ఉష్ణోగ్రత మీటను వేడి వైపుకు తిప్పితే చాలని కొందరు అనుకుంటారు. కానీ చాలా కార్లలో గాలి ముందు కూలింగ్ కాయిల్‌ను దాటి ఆ తర్వాతే హీటర్ గుండా వస్తుంది, కాబట్టి ఆ వేడి కాయిల్‌కు నేరుగా చేరదు. అలాంటి రోజుల్లో, లోపల ఎవరూ కూర్చోనప్పుడు, ఆరుబయట బండి నిలిపి, ఇంజను వేడిగా ఉండగానే హీటర్‌ను పూర్తిగా పెంచి, లోపలి గాలే తిరిగేలా పెట్టి, కిటికీ అద్దాలు రెండు వేళ్ల సందు దించి, ఏసీ వేయకుండా బ్లోయర్‌ను పది నిమిషాలు నడపండి. వేడెక్కిన గాలే మళ్లీ కాయిల్ మీదికి వెళ్లి తడిని తీసుకొని ఆ సందుల గుండా బయటపడుతుంది.

ఇప్పటికే పేరుకున్న బూజుకు డ్యాష్‌బోర్డు విప్పించకండి. కాయిల్‌కు చిల్లు పడి గ్యాస్ కారుతుంటే తప్ప అంత పని సాధారణంగా అవసరం ఉండదు. విప్పి బిగించాక డ్యాష్‌బోర్డు కిరకిరలాడడం మొదలై, అదొక కొత్త బాధ అవుతుంది. కాయిల్ శుభ్రం చేసే నురుగు స్ప్రే దొరుకుతుంది. దానికి సన్నని గొట్టం ఉంటుంది. ఇంజను ఆపి, లోపలికి వచ్చే గాలిని వడకట్టే ఫిల్టర్ తీసిన చోట నుంచో డ్రెయిన్ పైపు గుండానో కాయిల్ మీదికి నురుగు కొట్టి, డబ్బా మీద రాసినంతసేపు ఆగితే, మురికితో కలిసి అది కింది నుంచి కారిపోతుంది. ఆ తర్వాత అన్ని తలుపులూ తెరిచి బ్లోయర్ నడపాలి. బ్లోయర్ మోటారు మీద, వైర్ల కనెక్టర్ల మీద నురుగు పడకూడదు కాబట్టి, అలవాటు లేకపోతే అనుభవం ఉన్న మెకానిక్ చేతనే చేయించండి. బ్లీచింగ్ నీళ్లు మాత్రం వద్దు, అవి కాయిల్ అల్యూమినియం రేకులను తినేస్తాయి. మీ అత్తయ్యగారిని ఆ రోజు కారు ఎక్కించకండి.

జవాబు (పెరంబూరు సభ్యురాలు)

పై జవాబుకు రెండు విషయాలు జోడిస్తాను. మొదటిది క్యాబిన్ ఫిల్టర్. ఎక్కువ కార్లలో ఇది గ్లవ్ బాక్స్ వెనుక ఉంటుంది, చేతితోనే తీయవచ్చు. ఏడాదికొకసారి, లేదా 10,000 నుంచి 15,000 కిలోమీటర్లకొకసారి మార్చాలని సాధారణంగా చెబుతారు. మన ఊరిలో వానలు తగ్గిన తర్వాత జనవరిలో మార్చడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే మూడు నెలల చెమ్మ పీల్చిన ఫిల్టర్‌ను ఇంకో ఏడాది ఉంచడంలో అర్థం లేదు. గాలి కొట్టి దులిపి మళ్లీ పెట్టే పద్ధతిని నేను సమర్థించను. కాగితం చిరుగుతుంది, బూజు మాత్రం అలాగే ఉంటుంది. కొత్తది పెట్టేటప్పుడు దాని అంచు మీద ఉన్న బాణం గుర్తు గాలి వెళ్లే దిక్కును చూపాలి.

రెండవది, చెట్టు కింద నిలిపే కార్ల సంగతి. బయటి గాలి లోపలికి వెళ్లే దారి ముందు అద్దానికి దిగువన, వైపర్ల దగ్గర ఉంటుంది. వేపాకులు, తురాయి రెమ్మలు అక్కడ పేరుకుని కుళ్లితే ఆ వాసనే లోపలికి వస్తుంది. నీళ్లు దిగే రంధ్రాలు పూడుకుపోతే వాన నీరు బ్లోయర్ దాకా చేరుతుంది. బానెట్ ఎత్తి చేతికి అందినంతవరకు ఆకులు ఏరేయండి.

సుగంధం సీసాలతో వాసనను కప్పిపుచ్చడం, అందులోనూ ఉబ్బసం ఉన్నవారి దగ్గర, మంచిది కాదు. నాఫ్తలీన్ ఉండలు అసలే వద్దు. మూసి ఉన్న కారులో ఆ ఆవిరిని పీల్చడం పసిపిల్లలకూ పెద్దలకూ హానికరం.

ప్రశ్న (వేళచ్చేరి సభ్యుడు)

బయటి తేమే కారణమైతే, ఎప్పుడూ లోపలి గాలే తిరిగేలా పెట్టుకుంటే కాయిల్ మీద నీరు తక్కువ చేరుతుంది కదా? ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద లారీల పొగ కూడా లోపలికి రాదు. నేను అలాగే నడుపుతున్నాను.

జవాబు (అంబత్తూరు సభ్యుడు)

మీ తర్కం చాలావరకు సరైనదేనండీ. లోపలి గాలే తిరిగితే కాయిల్ మీద చేరే నీరు నిజంగానే తగ్గుతుంది, చల్లదనం కూడా త్వరగా వస్తుంది. కానీ నలుగురు కూర్చున్న కారులో వారి ఊపిరి తేమ, కార్బన్ డయాక్సైడ్ రెండూ పెరుగుతూ పోతాయి. తిరుపతి వంటి దూర ప్రయాణాల్లో డ్రైవరుకు మగతగా అనిపించడానికి అదీ ఒక కారణం కావచ్చు. పొగ ఉన్న చోట బయటి గాలి దారి మూసి, రోడ్డు తెరిపిగా ఉన్న చోట అప్పుడప్పుడు తెరవండి. చివరి ఐదు నిమిషాలు మాత్రం తెరిచే ఉంచండి.

షోలింగనల్లూరు సభ్యురాలు

ఇంత శ్రద్ధగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టు పరిశీలిస్తే, ఏసీ అరగంట నడిచినా కారు కింద ఒక్క చుక్క కూడా పడడం లేదు. మలుపు తిరిగేటప్పుడు డ్యాష్‌బోర్డులో నీళ్లు కదిలిన చప్పుడు వినిపిస్తోంది. ఎడమవైపు ముందు సీటు దగ్గర కార్పెట్‌ను నొక్కితే వేలికి తడి తగులుతోంది. ఇది కూడా కాయిల్ వల్లేనా?

జవాబు (అంబత్తూరు సభ్యుడు)

ఇప్పుడు విషయం స్పష్టమైందమ్మా. మీ డ్రెయిన్ పైపు పూడుకుపోయి ఉంటుంది. బయటికి పోవలసిన నీరు కాయిల్ అడుగున తొట్టిలో నిలిచి, పొంగి కార్పెట్ మీదికి దిగుతోంది. ముందు ఈ పైపును శుభ్రం చేయించండి, నురుగు స్ప్రే ఆ తర్వాతే. పైపు మూసుకుపోయి ఉండగా స్ప్రే కొడితే ఆ నురుగంతా కార్పెట్‌లోకే వస్తుంది. బండిని లిఫ్టు మీద ఎత్తి కింది నుంచి మెత్తని గొట్టంతోనో తక్కువ ఒత్తిడి గాలితోనో అడ్డు తొలగించవచ్చు. గట్టి ఇనుప తీగ పొడిచి లోపలి కాయిల్‌కు చిల్లు పెట్టనివ్వకండి.

కారిన నీటిని వేలితో తాకి చూడండి. మామూలు నీరైతే పైన చెప్పిందే. జిగటగా, రంగుతో, తియ్యని వాసనతో ఉంటే అది హీటర్ నుంచి కారుతున్న కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం). దానికి వేరే మరమ్మతు కావాలి, అది తేలేదాకా బండి ఎక్కువ దూరం నడపకండి.

ఇక కార్పెట్. దాని అడుగున మందపాటి స్పాంజి ఉంటుంది. పైన ఆరినట్టు కనిపించినా అది లోపల రోజుల తరబడి నీటిని పట్టి ఉంచుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను సమయంలో నీళ్లు చేరిన కార్లలో వాసన నెలల తరబడి వదలకపోవడానికి ఎక్కువగా ఈ స్పాంజే కారణం. సీటు విప్పించి, కార్పెట్ అంచు ఎత్తించి, అడుగున గాలి ఆడేలా ఎండ వచ్చిన రోజు తలుపులు తెరిచి ఆరబెట్టించండి. స్పాంజి నల్లబడి ఉంటే ఆ ముక్క మార్చడమే మేలు. ఇది పూర్తయ్యాక కొత్త ఫిల్టర్ వేయించండి. ముందే వేస్తే అదీ అదే తేమను పీల్చుకుంటుంది.