సైలెన్సర్ పైపు ఎటు తిప్పితే పొగ లోపలికి రాదు? (1971 ఎంజీబీ జీటీ)

పాతబండి71

అందరికీ నమస్కారం. నా దగ్గర 1971 ఎంజీబీ జీటీ అనే పాత బ్రిటిష్ కారు ఉంది. 1798 సీసీ ఇంజను, రెండు ఎస్‌యూ కంపెనీ కార్బ్యురేటర్లు (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి పంపేవి). పోయినేడాది సైలెన్సర్ తుప్పు పట్టి రాలిపోతే స్టెయిన్‌లెస్ స్టీలు సెట్టు వేయించాను. బిగించినాయన చివర కిందికి వంగిన ముక్క ఒకటి తగిలించి, "చూడ్డానికి బాగుంటుంది" అన్నాడు. బాగానే ఉంది. కానీ అప్పట్నుంచీ అద్దాలు దించుకుని 60 దాటితే చాలు, వెనక నుంచి పొగ వాసన. ఇంటికొచ్చి చొక్కా విప్పినా అదే వాసన. విచిత్రం ఏంటంటే అద్దాలు ఎత్తేస్తే తగ్గుతోంది. గాలి ఆడితే వాసన పోవాలి కదా, ఇదేంటి తిరగబడింది?

వెనక బుల్లి సీట్లో మా అమ్మాయి కూర్చుంటే అరగంటకే తలనొప్పి అంటోంది.

నేననుకున్నది: పైపును పక్కకు తిప్పి, వెనక చక్రానికి ముందే బయటికి తీసేయడం. పాత రేసు కార్లకి అలాగే ఉంటుంది కదా. ఎవరైనా చేశారా? వెనకే ఉంచాలంటే ఎన్ని అంగుళాలు బయటికి ఉండాలి?

గ్రీజుచేతులు

పైపు జోలికి వెళ్లకముందు జాయింట్లు చూడండి బ్రో. నా ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారులో హీటర్ వేస్తే పొగ వాసన వచ్చేది. ఆ బండిలో సైలెన్సర్ పైపుల వేడితోనే గాలిని వేడి చేసి లోపలికి పంపుతారు, అక్కడ తుప్పుకి చిల్లు పడింది. మీ బండిలో ఆ ఏర్పాటు లేదనుకోండి. అయినా కొత్త సెట్టు అని నమ్మొద్దు, కొత్త క్లాంపులే ఎక్కువ లీకవుతాయి.

రెండుస్పానర్లు

తమ్ముడూ, ముందు పాపని ఆ సీట్లో కూర్చోబెట్టడం ఆపు. మిగతాదంతా తర్వాత మాట్లాడుకుందాం.

నీకు తెలుస్తున్న వాసన కాలని పెట్రోలుది. దాంతోపాటు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసనా ఉండదు, రంగూ ఉండదు. పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ లేని ఇలాంటి ఇంజను నిలబడి ఆడుతున్నప్పుడు పొగలో అది 3 శాతం దాకా ఉండటం మామూలే. అంకె చూపించే మీటరు ఒకటి కొను. ఇళ్లలో గోడకి పెట్టే అలారం ఈ పనికి చాలదు. గాలిలో 70 పీపీఎం (పది లక్షల వంతుల్లో 70) ఉన్నా గంటో నాలుగు గంటలో అయ్యాక గానీ అది కూత పెట్టదు. ఈలోపు నీకు తలనొప్పి రానే వస్తుంది.

ఇక నీ ప్రశ్న. మట్టి రోడ్డు మీద పోయే బస్సు వెనక అద్దం చూశావా? దుమ్ము లేపేది బస్సే, అది తిరిగొచ్చి కప్పేసేదీ బస్సు వెనక భాగాన్నే. బండి గాలిని చీల్చుకుని పోతుంటే వెనకాల ఒత్తిడి తగ్గి, గాలి అక్కడే సుడి తిరుగుతుంది. ఆ సుడిలోకి నువ్వు పొగ వదిలితే అది ఎక్కడికీ పోదు, నీ వెంటే వస్తుంది. అద్దాలు దించావనుకో, పక్కనుంచి వేగంగా పోయే గాలి లోపలి గాలిని బయటికి లాగేస్తుంది. ఆ లోటు ఎక్కడో ఒకచోట నుంచి పూడాలి కదా. డిక్కీ బీడింగ్ (తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ) సందు, లైటు వెనక చిల్లు, ఏది దొరికితే అది. వాటి అవతల ఉన్నది నీ పొగే. అద్దాలు ఎత్తితే లాగుడు తగ్గుతుంది. నీ బండి తిరగబడలేదు, లెక్క ప్రకారమే నడుస్తోంది.

ఇదంతా నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నాకో మారిస్ మైనర్ ట్రావెలర్ ఉండేది, వెనక చెక్క ఫ్రేము, రెండు తలుపులు. వాసన పోవాలని నెల రోజుల్లో పైపు మూడుసార్లు కోయించి వెల్డింగ్ పెట్టించాను. ఎడమకి, కుడికి, చివరికి పైకి. ఏం లాభం లేదు. విసుగొచ్చి ఒకరోజు ఉన్ని దారం జానెడు జానెడు ముక్కలు చేసి వెనక తలుపుల నిండా టేపుతో అంటించాను. మావాడొకడు వెనక బండిలో కూర్చుని వీడియో తీశాడు. 70 దగ్గర దారాలన్నీ పిచ్చెక్కినట్టు సుడి తిరుగుతున్నాయి. రెండు తలుపుల మధ్య సందు దగ్గరవి మాత్రం ఊగడం లేదు, బండిలోకి దూరుతున్నాయి! ఒకదాన్నైతే సగం దాకా మింగేసింది. దిగి తలుపు తీస్తే దారం కొస లోపలివైపు వేలాడుతోంది. ఆ సందుకి బీడింగ్ మార్చాక వాసన పోయింది. మూడు వెల్డింగులూ దండగ.

కాబట్టి పక్క పైపు వద్దు. సిగ్నల్లో ఆగితే పొగ తలుపు కిందనుంచి లేచి నేరుగా నీ కిటికీలోకే వస్తుంది. రేసు కారులో కూర్చున్నవాడు కాసేపటికి దిగిపోతాడు, వాడి సంగతి వేరు.

ఆ కింది వంపు ముక్క కోసేయ్. పొగ రోడ్డుకి కొట్టుకుని చెల్లాచెదురై బంపర్ కిందనుంచి లేస్తుంది. పైపు తిన్నగా, బంపర్ అంచు దాటి ఒకటిన్నర, రెండు అంగుళాలు ఉంటే చాలు. ఇంకా బయటికి పెడితే డిక్కీ తీసేటప్పుడు పిక్క కాలుతుంది (నాకింకా మచ్చ ఉంది). వేలాడదీసే రబ్బర్లు సాగాయేమో చూడు, సాగితే పైపు కిందికి జారి నువ్వు కొలిచిన కొలత కొలతగా ఉండదు.

కానీ ముందు లీకులు చూడు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి, చేతికి గ్లవ్ వేసుకుని గుడ్డతో పైపు మూతి రెండు మూడు సెకన్లు మూయి. ఎక్కడో "తుస్స్" మని వినపడితే అక్కడే లీకు. తర్వాత డిక్కీ తలుపు మూసేటప్పుడు బీడింగ్ మధ్య కాగితం ముక్క పెట్టి లాగు. గట్టిగా పట్టుకోవాలి. జారిపోతే అక్కడ బీడింగ్ ఆనడం లేదన్నమాట. చుట్టూరా చేయి, బద్ధకించకు.

నీడిల్‌వాల్వ్

పైపు పొడవు మీద పెద్దాయనతో నేను ఒప్పుకోను. నేను నాలుగంగుళాలు బయటికి పెట్టి చూశాను, అణా వంతు తేడా లేదు. లోపలికి లాగుతున్నంత కాలం పైపు ఎక్కడున్నా ఒకటే.

పాతబండి గారూ, పెట్రోలు, గాలి మిక్చర్ కూడా చూసుకోండి. ఎస్‌యూ కార్బ్యురేటర్ కింద చిన్న పిన్ను ఉంటుంది, దాన్ని నొక్కితే లోపలి పిస్టన్ లేస్తుంది. ఒక మిల్లీమీటరు కంటే ఎక్కువ లేపొద్దు. ఇంజను వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ పోతోందని అర్థం. ఆగిపోబోతే తక్కువ. కాస్త పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. పెట్రోలు ఎక్కువైతే ఆ మోనాక్సైడూ ఎక్కువే.

పాతబండి71

మూడు వారాలు పట్టింది. మీటరు కొన్నాను. అద్దాలు దించి 70 మీద పోతే 34 పీపీఎం చూపించింది. ఆ అంకె చూశాక టెన్షన్ మొదలైంది.

గుడ్డ పరీక్షలో లీకులు లేవు. సులువైన పని కదా అని మొదట కింది వంపు కోయించాను. 34 కాస్తా 29 అయింది, అంతే. నీడిల్‌వాల్వ్ గారు చెప్పింది దాదాపు నిజం. రెండు కార్బ్యురేటర్లలోనూ పెట్రోలు ఎక్కువే పోతోంది, సరిచేస్తే 22. కాగితం పరీక్షలో డిక్కీ పైన అంతా గట్టిగా పట్టుకుంది గానీ, కింద ఎడమ మూలలో కాగితం వెన్నలో కత్తిలా జారిపోయింది. బీడింగ్ అక్కడ రాయిలా గట్టిపడి పగిలింది. వెనక లైటు వెనకున్న రబ్బరు ప్యాకింగ్ అయితే చేతిలో పొడైపోయింది. రెండూ మార్చాను. ఇప్పుడు 5!

రెండుస్పానర్లు

బాగుంది. మీటరు ఎక్కడ పెట్టి చూశావు? డాష్‌బోర్డు మీదేనా?

పాతబండి71

డాష్‌బోర్డు మీదే. ఇప్పుడే వెనక సీట్లో పెట్టి తిప్పుకొచ్చాను. వెనక 14 ఉంది. సిగ్గేసింది, కూర్చునేది పాపే కదా.

రెండుస్పానర్లు

వెనక సీటు తీసి కార్పెట్ ఎత్తు. చీకటి పడ్డాక టార్చి లైటు బండి కింద పెట్టి నువ్వు లోపల కూర్చో. వెలుతురు ఎక్కడొస్తే పొగా అక్కడే.

పాతబండి71

దొరికింది. సీటు కింద, వెనక చక్రం గూడు పక్కన, నా బొటనవేలు పట్టేంత బెజ్జం. ఎప్పుడో బిరడా ఉండేది కాబోలు, అంచున నల్ల రబ్బరు ముక్క ఇంకా అతుక్కుని ఉంది. చుట్టూ కార్పెట్ అడుగు మసి పట్టి నల్లగా ఉంది. ఇన్నాళ్లూ దాని మీదే కూర్చుంది పాప.

కొత్త రబ్బరు బిరడా కొట్టి, చుట్టూ సీలెంట్ పూశాను. రెండు రోజులు ఆరనిచ్చి వెనక సీట్లో మీటరు పెట్టుకుని గంటసేపు తిరిగాను. అద్దాలు దించితే 3, ఎత్తి హీటర్ ఫ్యాను వేస్తే సున్నా. లారీ వెనక సిగ్నల్లో ఆగినప్పుడు 11 చూపించింది గానీ అది మన బండిది కాదు.

ఆదివారం పాపని తీసుకెళ్తున్నాను. మీటరు తనే పట్టుకుని కూర్చుంటుందట.