అప్‌డేట్: నాన్నగారి చిగుళ్ల రక్తం, కొలెస్ట్రాల్ సంగతి

మూడు నెలల క్రితం అడిగాను: నాన్నగారికి బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 260 ఉన్నాయి, రెండింటికీ సంబంధం ఉందా అని. పళ్ల డాక్టర్‌కీ ఆ రిపోర్టు చూపించమన్నవాళ్లకు చాలా థాంక్స్.

గుంటూరు అరండల్‌పేటలో చూపించాం. చిగురుకీ పంటికీ మధ్య 3 మిల్లీమీటర్ల లోపు ఉండాల్సిన లోతు కొన్నిచోట్ల 6 ఉంది. అది విని నాకు చాలా టెన్షన్ వచ్చింది. సంబంధం ఉందనే చెప్పారు డాక్టర్‌గారు. చిగుళ్ల వాపులో పుట్టే రసాయనాలు రక్తంలో కలిసి, కాలేయం కొవ్వులను నడిపించే తీరును మార్చగలవట. రక్తంలో కొవ్వు పెరిగితే వాపూ ముదరొచ్చు. అయితే ఒకదానివల్లే రెండోది వస్తుందని ఇంకా తేలలేదు. షుగర్, పొగాకు రెండింటినీ పెంచుతాయి కాబట్టి షుగర్ టెస్టూ రాశారు. నార్మలే.

రెండు సిట్టింగుల్లో డీప్ క్లీనింగ్ (చిగుళ్ల కింద పేరుకున్న గార తీయడం) చేశారు. రక్తం ఆగింది. మిర్చి యార్డుకు వెళ్లినప్పుడల్లా తినే బజ్జీలు కూడా నాన్నగారు మానేశారు, నాకు అదే పెద్ద ఆశ్చర్యం! ఇప్పుడు ట్రైగ్లిజరైడ్లు 190. అది క్లీనింగ్ వల్లేనని నేను అనను, తిండీ మారింది, మందూ వాడుతున్నారు. దయచేసి ఎవరూ క్లీనింగ్ చేయించుకున్నాం కదా అని కొలెస్ట్రాల్ బిళ్లలు ఆపొద్దు. నాన్నగారి ట్రైగ్లిజరైడ్లు ఇంకా 150 లోపుకి రావాలి. సంక్రాంతి తర్వాత మళ్లీ టెస్టు.